గనాడోలో హబ్బెల్ కొట్టు, ఆ చుట్టుపక్కల బస

అరిజోనా వెళ్లే మనవాళ్ల దారి దాదాపు ఒక్కటే. గ్రాండ్ కాన్యన్, పేజ్ ఊరి దగ్గర యాంటిలోప్ కాన్యన్, ఓపిక మిగిలితే మాన్యుమెంట్ వ్యాలీ. చివరి రెండూ నవాహోలు అనే అమెరికా మూలవాసుల నేల మీదే ఉన్నా, నవాహోల బతుకు గురించి ఒక్క ముక్క కూడా తెలియకుండా తిరిగి వచ్చేయవచ్చు. ఆ లోటు తీరాలంటే తూర్పుకు మళ్లి గనాడో అనే చిన్న ఊరికి వెళ్లాలి. అక్కడి హబ్బెల్ ట్రేడింగ్ పోస్టును, అంటే నవాహోలతో సరుకుల మార్పిడి చేసే కొట్టును, 1878లో జాన్ లోరెంజో హబ్బెల్ అనే వర్తకుడు కొన్నాడు. ఆ కొట్టు ఇవాళ్టికీ కొట్టుగానే నడుస్తోంది. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. ఆ ప్రాంతమంతటిలో పైసా ఖర్చు లేకుండా ఇంత చూపించే చోటు ఇంకొకటి నాకు కనబడలేదు. లోపలికి వెళ్లాక జేబు తడుముకోకుండా బయటికి రావడం మాత్రం కష్టం.

న్యూ మెక్సికోలోని గాలప్ నుంచి సుమారు 55 మైళ్లు, నవాహోల రాజధాని విండో రాక్ నుంచి 30 మైళ్లు. 264వ నంబరు రోడ్డు బాగుంటుంది కానీ పెట్రోలు బంకులు దూరదూరంగా ఉంటాయి. గాలప్‌లోనో విండో రాక్‌లోనో ట్యాంకు నింపుకోవడం మేలు. ఇంకో చిక్కు గడియారంది. వేసవిలో అరిజోనా గడియారం మార్చదు, నవాహోలు మారుస్తారు, వాళ్ల భూమి మధ్యలో ఉన్న హోపీ అనే మరో తెగవాళ్లు మార్చరు. ఫీనిక్స్ నుంచి ఫోనును నమ్ముకుని వచ్చేవాళ్లకు ఒక గంట అటో ఇటో అవుతుంది. గైడుతో సమయం మాట్లాడుకునేటప్పుడు ‘ఎవరి టైము?’ అని అడగండి. అక్కడ దాన్ని వింత ప్రశ్న అనుకోరు.

కొట్టు పొడవాటి రాతి కట్టడం. అడుగు పెట్టగానే కిర్రుమనే చెక్క నేల, ఛాతీ ఎత్తున అరుగులాంటి కౌంటర్లు, పైకప్పు నుంచి వేలాడే లాంతర్లు, గుర్రపు జీనుల సామగ్రి. ఈ ముందు గదిని ‘బుల్ పెన్’ అంటారు. అరల్లో పిండి సంచులు, కాఫీ, డబ్బాల్లో పళ్లు, పక్కనే శీతల పానీయాల పెట్టె. మేము ఉన్నంతసేపట్లో వచ్చినవాళ్లలో సగం మంది ఊరివాళ్లే. ఒకాయన మేకులు కొనుక్కుని, కౌంటరు మీద మోచేయి ఆనించి కబుర్లు చెప్పి వెళ్లాడు. అద్దాల వెనుక పెట్టిన పాత కొట్టు అయితే ఇది దొరకదు. 1967లో హబ్బెల్ కుటుంబం నుంచి అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీసు దీన్ని కొన్నప్పుడు వ్యాపారం ఆపకపోవడం మంచి నిర్ణయం.

ఇక్కడ ఇంత కొట్టు ఎందుకు వెలిసిందో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. 1864 నుంచి అమెరికా సైన్యం వేలమంది నవాహోలను పంటలు తగలబెట్టి, పీచ్ తోటలు నరికి, తూర్పున బాస్కే రెడోండో అనే నిర్బంధ శిబిరం దాకా వందల మైళ్లు నడిపించింది. చలికీ ఆకలికీ దారిలోనే ఎంతోమంది పోయారు. 1868 ఒప్పందం తర్వాత మిగిలినవాళ్లు సొంత నేలకు తిరిగి వచ్చేసరికి మందలు లేవు, తోటలు లేవు. నిర్బంధంలో సైన్యం ఇచ్చిన గోధుమపిండి, కాఫీ, చక్కెర అలవాటయ్యాయి. ఊలు, రగ్గులు, వెండి నగలు తీసుకుని ఆ సరుకులు ఇచ్చేవాడు కావాల్సి వచ్చాడు. ఆ ఖాళీలోకి వచ్చినవాడే హబ్బెల్. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన గనాడో ముచో అనే నాయకుడి పేరే ఈ ఊరికి పెట్టారు.

హబ్బెల్ ఎలాంటివాడు? గైడు చెప్పే మాటల్లో దేవుడిలా ఉంటాడు: మశూచి వచ్చినప్పుడు రోగులకు సేవ చేశాడు, ఉత్తరాలు చదివిపెట్టాడు, తగవులు తీర్చాడు. అవి జరగలేదని నేను అనను. కానీ అతనూ, కొడుకులూ కలిసి వివిధ కాలాల్లో 20కి పైగా ఇలాంటి కొట్లు నడిపారంటే ఊరికే పుణ్యం కోసం నడిపి ఉండరు. రగ్గు తెచ్చిన మనిషికి చేతికి వచ్చేది ఎక్కువగా డబ్బు కాదు, ఖాతాలో జమ, సరుకు, లేదా ఆ కొట్లోనే చెల్లే రేకు బిళ్లలు. నగలు తాకట్టు పెట్టి పిండి తీసుకెళ్లేవాళ్లు. అవే రగ్గులు రైలు మార్గం వెంట హోటళ్లు నడిపిన ఫ్రెడ్ హార్వే కంపెనీ ద్వారా తూర్పు నుంచి వచ్చే షోకు ప్రయాణికులకు చేరేవి. ఏ బొమ్మ, ఏ రంగు అమ్ముడవుతుందో హబ్బెలే చెప్పేవాడు. తన దగ్గర బస చేసిన చిత్రకారుల చేత రగ్గుల నమూనాలు చిన్న చిన్న చిత్రాలుగా వేయించి గోడకు తగిలించాడు. ఎర్రటి నేల, నల్లటి అంచు ఉన్న ‘గనాడో రెడ్’ అలా స్థిరపడింది. ఆ చిత్రాలు రగ్గుల గదిలో ఇప్పటికీ ఉన్నాయి, తప్పక చూడండి.

చీరాల, పోచంపల్లి తెలిసినవాళ్లకు ఇది కొత్త లెక్క కాదు. డిజైన్ చెప్పేదీ, ధర కట్టేదీ, అప్పిచ్చేదీ ఒకే చేయి అయినప్పుడు నేతగాడికి మిగిలేది ఎంతో మన మాస్టర్ వీవర్ల కింద పనిచేసేవాళ్లను అడిగితే చెబుతారు. ఒక్క తేడా ఉంది. ఇక్కడ గొర్రె నేసే ఆవిడదే, ఊలూ ఆవిడదే. ఆ కాస్త పట్టునూ 1930లలో ప్రభుత్వం గొర్రెల మందల తగ్గింపు పేరుతో దెబ్బకొట్టింది.

మేము వెళ్లిన రోజు ఒక పెద్దావిడ మగ్గం ముందు కూర్చుని నేస్తోంది. మా అత్తయ్య చీరాల మనిషి, మగ్గాల చప్పుడు మధ్య పెరిగింది. ఆవిడ ముందు వెతికింది నాడె కోసం, అంటే అడ్డం నూలును అటూ ఇటూ నడిపే సాధనం కోసం. లేదు. మగ్గం నిలువుగా ఉంది, మన మగ్గాలకున్నట్టు కాళ్లు పెట్టుకునే గుంట లేదు. పేక (అడ్డం) నూలును వేళ్లతోనే పడుగు (నిలువు) పోగుల మధ్య నుంచి దూర్చి, చెక్క దువ్వెనతో కిందికి కొడుతోంది. ఎదురుగా గీసిపెట్టుకున్న కాగితం కూడా లేదు. ‘ఎన్నాళ్లు పడుతుందో అడుగమ్మా’ అంది అత్తయ్య. అడిగాను. ‘గొర్రెకు బొచ్చు కత్తిరించిన రోజు నుంచి లెక్క కావాలా, మగ్గానికి ఎక్కించిన రోజు నుంచా?’ అని నవ్విందావిడ. అత్తయ్య ఆ తర్వాత ధరల చీటీలు చూసి ఎక్కువ అనలేదు. చిన్న ముక్కలు వందల డాలర్లలో, గదికి సరిపోయేవి వేలల్లో ఉన్నాయి.

హబ్బెల్ ఇల్లు కొట్టు వెనకే ఉంది, గైడుతోనే లోపలికి వెళ్లాలి. సిబ్బందిని బట్టి ఆ రోజు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే వదులుకోకండి. దూలాల మధ్య పైకప్పంతా బుట్టలే. గోడల మీద బర్బాంక్ అనే చిత్రకారుడు ఎర్ర సుద్దతో గీసిన ముఖాలు. మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ కూడా ఇక్కడికి అతిథిగా వచ్చాడు. ఆవరణలో కొట్టం, పాత బళ్లు, చుర్రో అనే జాతి గొర్రెలు. పిల్లలకు గొర్రెలు చాలు.

ఇదే తరహాలో మనవాళ్లకు ఎక్కువ తెలిసింది ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి పేజ్ వెళ్లే దారిలో ఉన్న కామెరాన్ ట్రేడింగ్ పోస్టు. 1916 నాటిది, పక్కనే లిటిల్ కొలరాడో నది మీద 1911 నాటి వేలాడే వంతెన. బసకు మంచి గదులు, పెద్ద భోజనశాల, గ్రాండ్ కాన్యన్ తూర్పు ద్వారానికి దగ్గర. సౌకర్యానికి దానిదే పైచేయి. కానీ టూరిస్టు బస్సులు ఆగే పెద్ద బజారు అది. సంత చూడాలంటే కామెరాన్, కొట్టు చూడాలంటే గనాడో.

గనాడోలో రాత్రి ఉండే ఆలోచన పెట్టుకోకండి. మా ఓటు ఉత్తరాన 40 మైళ్ల లోపే ఉన్న చిన్లేకు. కాన్యన్ ద షే అనే లోయ ముఖద్వారంలోని థండర్‌బర్డ్ లాడ్జి కూడా ఒకప్పటి ట్రేడింగ్ పోస్టు చోటే. గదులు సాదా, చుట్టూ పెద్ద చెట్లు, నిశ్శబ్దం. లోయ అంచు రోడ్లకు రుసుము లేదు. లోయ అడుగుకు వెళ్లాలంటే నవాహో గైడు తప్పనిసరి, ఎందుకంటే అక్కడ ఇప్పటికీ మనుషుల పొలాలున్నాయి. దక్షిణ అంచు చివర స్పైడర్ రాక్ చూడండి. నవాహోలకు నేత నేర్పిన సాలె అమ్మ ఉండేది దాని మీదేనని వాళ్ల నమ్మకం. గనాడోలో మగ్గం చూసి వచ్చాక ఆ రాతి స్తంభం ఇంకోలా కనిపిస్తుంది.

గాలప్‌లో అయితే 1937 నాటి ఎల్ రాంచో హోటల్ సరదాగా ఉంటుంది. పాత కౌబాయ్ సినిమాల నటులు దిగిన చోటు, గదులకు వాళ్ల పేర్లే. గూడ్సు రైళ్లు మాత్రం రాత్రంతా కూతపెడతాయి. ఆ ఊళ్లోనే ఇంకో మోటెల్లో అంతకుముందు ఉన్నాం, పేరు చెప్పను. వేణ్ణీళ్లు రాలేదు, అడిగితే ‘రేపు వస్తాయి’ అన్నారు.

తిండి విషయంలో శాకాహారులు కాస్త ముందుచూపుతో ఉండాలి. ఊరి వంట అంటే గొర్రె మాంసం పులుసు, నూనెలో వేయించిన ఫ్రై బ్రెడ్. ఫ్రై బ్రెడ్ మీద కూరలు వేసి ఇచ్చే నవాహో టాకోను మాంసం లేకుండా చిక్కుడు గింజలతో చేసి ఇమ్మంటే ఇస్తారు, రొట్టె వేయించేది పంది కొవ్వులోనా అని అడిగి తెలుసుకోవాలి. అత్తయ్య పులిహోర డబ్బా తెచ్చింది, నేను మారు మాట్లాడలేదు. నవాహో భూమి మీద మద్యం నిషేధం. మనుషుల ఫోటోలు అడగకుండా తీయకండి.

రగ్గు కొనాలనుకునేవాళ్లకు ఒక్క మాట. రూట్ 66 అనే పాత రహదారి వెంట ఉన్న దుకాణాల్లో ‘నవాహో తరహా’ రగ్గులు చవగ్గా దొరుకుతాయి, వాటిలో చాలా వరకు మెక్సికోలోనూ, మన దేశంలోనూ నేసినవే. అసలైనదానికి సాధారణంగా రెండు కొసలా కుచ్చులుండవు. పడుగు పోగును కత్తిరించరు కాబట్టి అంచు దగ్గర అది మడత తిరిగి వెనక్కి వెళుతుంది. రంగు మారని చోట కూడా సన్నటి ఏటవాలు గీతలు కనబడితే నేసినావిడ ముక్కలు ముక్కలుగా నేసుకుంటూ వచ్చిందని గుర్తు. నకిలీని అసలుగా అమ్మడం 1990 చట్టం ప్రకారం నేరం. హబ్బెల్‌లో మేము చూసిన చీటీల మీద నేసినవారి పేరు, ఊరు ఉన్నాయి. బేరం ఆడే ముందు ఆ చీటీ చదవండి.