పాత ఎయిర్ గన్ను: బాగుచేసి మూడు ఎండాకాలాలు వాడాక

.22 రిమ్‌ఫైర్, అంటే చిన్న తూటా పేల్చే అసలు రైఫిల్, లైసెన్సు లేకుండా చేతిలో ఉండటమే నేరం. కాబట్టి మన దగ్గర కొత్తవాళ్లు గన్ను బాగుచేయడంలో చేయి తిప్పుకోవడానికి సరైనది పాత స్ప్రింగు ఎయిర్ రైఫిలే. బ్యారెల్ వంచితే లోపలి స్ప్రింగు ఎక్కుతుంది, ట్రిగ్గర్ నొక్కితే అది సిలిండర్‌లో పిస్టన్‌ను తోసి, ఆ గాలితో గుండును పంపుతుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు 4.5 మి.మీ., శక్తి 20 జౌళ్లు దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము గుండు సెకనుకు 180 మీటర్ల వేగంతో పోయినా 8.1 జౌళ్లే.

కొనేటప్పుడు పైతుప్పు చూసి బేరం వదులుకోవద్దు, అది పోతుంది. బ్యారెల్‌ను వెలుతురు వైపు పెట్టి లోపలికి చూడండి. లోపల వెలుతురు వలయాలు ఒకదానిలో ఒకటి సమంగా కనబడకుండా పక్కకు జరిగితే బ్యారెల్ వంగినట్టే, దాన్ని వదిలేయండి. తర్వాత బ్యారెల్‌ను పక్కలకు కదిలించండి. కొద్దిగా ఊగితే, ఇరుసు బోల్టు ఉన్న రకమైతే బిగిస్తే సరిపోతుంది. పిన్ను మాత్రమే ఉంటే లేత్ షాపుకు పోవాల్సిందే.

కట్టె భాగం ఊడదీయడం స్క్రూడ్రైవర్ పని: ముందు రెండు పక్క స్క్రూలు, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటి. అసలు ప్రమాదం సిలిండర్‌ను వెనక మూసే బిరడా దగ్గరుంది. స్ప్రింగు లోపల ముందే నొక్కుకుని ఉంటుంది, బిరడా వదిలితే ముఖానికి తగిలేంత విసురు. వడ్రంగి పొడుగు క్లాంపులో సిలిండర్‌ను గట్టిగా పట్టి, బిరడాను నొక్కిపెట్టి పిన్ను తీసి, తర్వాత మెల్లగా వదలాలి. ఇద్దరుంటే మేలు. వట్టి చేతులతో మాత్రం వద్దు. తీసిన స్ప్రింగును అద్దం మీద దొర్లించండి, ఎగిరెగిరి పడితే వంకర తిరిగింది, మార్చండి.

గన్ను బలమంతా పిస్టన్ ముందుండే తోలు వాషరులో ఉంది. పాతది ఎండి అట్టలా అయిపోయి ఉంటుంది. మేం బాగుచేసిన గన్నుకు సిలిండర్ లోపలి కొలత 25 మి.మీ. సైకిల్ పంపులో వేసే తోలు వాషరును అనంతపురం పాతూరులో కొని, అంచు చెక్కి సరిపెట్టాం. గిన్నెలా ఉన్న పక్క ముందుకు, అంటే గాలి పోయే రంధ్రం వైపు ఉండాలి. అప్పుడే గాలి ఒత్తిడికి అంచు విప్పారి గోడకు అంటుకుంటుంది. తిప్పి వేస్తే గన్ను తుస్సుమంటుంది, కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. రాత్రంతా సిలికాన్ నూనెలో నానబెట్టి, తుడిచి బిగించాలి. ఇంట్లో ఉంది కదా అని చెనిక్కాయ నూనె వాడొద్దు, కొన్నాళ్లకు జిగురుకడుతుంది.

"బలం తగ్గితే రంధ్రంలో రెండు చుక్కలు ఆయిల్ కొట్టు" అనే సలహా ఊరంతా చెబుతారు. ఇది గన్నును చంపే సలహా. పిస్టన్ నొక్కినప్పుడు గాలి ఒక్కసారిగా వేడెక్కి, ఆ మినరల్ ఆయిల్ డీజిల్ ఇంజన్‌లోలా మండుతుంది. పెద్ద శబ్దం, పొగ, మంచి జోరు వచ్చినట్టే ఉంటుంది. కొన్నాళ్లకు వాషరు మాడుతుంది, స్ప్రింగు విరుగుతుంది. మాలిబ్డినం గ్రీజు స్ప్రింగుకు పలచగా పూయండి, పిస్టన్ ముందు పక్కకు మాత్రం అంటనీయొద్దు.

బ్యారెల్ మొదట్లో ఉన్న చిన్న వాషరును ఎవరూ పట్టించుకోరు. బ్యారెల్ మూసి, అతుకు మీద పలచటి టిష్యూ కాగితం ముక్క పెట్టి గుండుతో కాల్చండి. కాగితం ఎగిరితే గాలి కారుతోంది.

తుప్పుకు కిరోసిన్, అతి సన్న స్టీల్ ఊలు చాలు. కట్టెకు ఉడికించిన అవిసె నూనె మూడు నాలుగు పలచటి పూతలు. ఆ నూనె గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేయొద్దు, వాటికవే అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టండి.

వాడకంలో తేలిందేమంటే, కొత్త వాషరు కుదురుకోవడానికి 40, 50 గుండ్లు పడుతుంది, అందాకా గురి గురించి తీర్పు చెప్పొద్దు. తర్వాత 10 మీటర్లలో ఐదు గుండ్లు రూపాయి నాణెమంత చోట పడుతున్నాయి, ముందరి చేత్తో గట్టిగా పట్టకుండా అరచేతిలో వదులుగా ఆనిస్తేనే. మార్చి దాటితే మన ఎండకు కట్టె కుదించుకుని స్క్రూలు వదులవుతాయి. గురి అకస్మాత్తుగా తప్పితే సైటును తిప్పే ముందు వాటిని చూడండి. తోలు వాషరుకు కూడా ఏడాదికోసారి సిలికాన్ నూనె కావాల్సి వస్తోంది. చవక టెలిస్కోపు పెట్టొద్దు, స్ప్రింగు గన్ను ముందుకూ వెనక్కూ రెండు పక్కలా కుదుపుతుంది, లోపలి అద్దాలు కదిలిపోతాయి.

గురిపెట్టే లక్ష్యం వెనక మందంగా కుక్కిన గుడ్డల పెట్టె పెట్టుకోండి, ఇనుప రేకు మీద గుండు ఎగిరొస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. పిట్టల జోలికి పోతే 1972 వన్యప్రాణి చట్టం ఉంది. గుండు లేకుండా వట్టిగా పేల్చడం, బ్యారెల్ వంచి ఉండగా ట్రిగ్గర్ నొక్కడం, రెండూ నిషేధం: మొదటిదానికి వాషరు పగులుతుంది, రెండోదానికి బ్యారెల్ ఎగిరి వంగుతుంది, కట్టె చీలుతుంది. స్ప్రింగు ఎక్కించి గోడకు ఆనించి పెట్టొద్దు.