65 ఓ అంగుళం షీట్లు: విశాఖ చుట్టుపక్కల పల్లెల ఆనవాళ్లకి ఎంతవరకు పనికొస్తాయి?

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లని, అంటే మైలుకి అంగుళం చొప్పున (1:63,360) గీసినవాటిని, విశాఖ చుట్టుపక్కల ఊళ్ల మీద చాలాకాలంగా వాడుతున్నాను. చెరువులు, గెడ్డలు (వాగులు), బండిదారులు వెతకడానికి వీటిని మించినవి లేవు. పొలం హద్దుల తగాదాకి మాత్రం వీటి జోలికి పోవద్దు. షీటు మీద అర మిల్లీమీటరు గీత నేల మీద 32 మీటర్లు! హద్దు కావాలంటే ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) తీయించుకోవాల్సిందే.

షీటు నంబర్లు ఇవీ: గాజువాక, స్టీల్‌ప్లాంటు వైపు 65 ఓ/2. వన్‌టౌన్, డాల్ఫిన్స్ నోస్ ఓ/6. భీమిలి ఓ/5. అరకు వెళ్తే 65 జే/15. ఒక్కో షీటు అక్షాంశాల్లోనూ రేఖాంశాల్లోనూ 15 నిమిషాలు, అంటే దాదాపు 27 కిలోమీటర్లు.

కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది సంవత్సరం దగ్గరే. షీటు అడుగున అచ్చు వేసిన ఏడు కొట్టొచ్చినట్టు ఉంటుంది, సర్వే చేసిన ఏడు మార్జిన్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పునర్ముద్రణలో చాలాసార్లు రోడ్లు, రైలు మార్గాలు మాత్రమే సరిదిద్దుతారు. ఊళ్లు, చెరువులు పాత సర్వేవే ఉండిపోతాయి. అంటే ఒకే కాగితం మీద రెండు కాలాలు. మార్జిన్ చిరిగిపోయిన షీటైతే, కాలం పట్టుకోవడానికి విజయనగరం–రాయ్‌పూర్ రైలు లైను (1931), హార్బరు (1933), కొత్తవలస–కిరండూల్ లైను (1960ల చివర), గోస్తనీ మీద తాటిపూడి రిజర్వాయరు (1960లు) ఉన్నాయో లేవో చూడాలి. అయితే రైలు లైను ఉన్నంత మాత్రాన పక్కనున్న పల్లె కూడా ఆ ఏటిదే అనుకోకండి. ఈ ఒక్క జాగ్రత్త లేక ఊరి చరిత్రలు ఇరవై ముప్పై ఏళ్లు అటూ ఇటూ అయిపోతుంటాయి.

ఇక శాటిలైట్ చిత్రం మీద షీటుని కూర్చోబెట్టడం. ఫోనుతో తీసిన ఫొటో పనికిరాదు, అంచులు వంగిపోతాయి. పెద్ద స్కానరు మీద 300 డీపీఐ చాలు, పిక్సెల్‌కి 5.4 మీటర్లు వస్తుంది. గుడ్డకి అతికించి మడతపెట్టిన షీటైతే ముక్కల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి ఒక్కో ముక్కనీ విడిగా జియోరెఫరెన్స్ చేయాలి, అంటే అక్షాంశ రేఖాంశాలకి ముడిపెట్టాలి. క్యూజీఐఎస్‌లో (ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్) 5 నిమిషాల గీతలు కలిసే 16 చోట్లా పాయింట్లు పెట్టి, షీటుని సాగదీసే పద్ధతుల్లో పాలినామియల్ 2 ఎంచుకోండి. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే మరో పద్ధతి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ లోపం ఎప్పుడూ సున్నా అనే చూపిస్తుంది. ఒక అంకె తప్పు కొట్టినా బయటపడదు.

ఆ పాయింట్లని డబ్ల్యూజీఎస్ 84గా (జీపీఎస్ వాడే కొలమానం) ఇచ్చారో, మ్యాపంతా రెండు వందల మీటర్లకి పైగా ఆగ్నేయానికి జరుగుతుంది. మన తీరం ఉన్న వాలుకి అది సూటిగా సముద్రంవైపే. ఒడ్డున ఉన్న జాలరిపేట నీళ్లలో తేలుతుంటే తప్పు ఇక్కడే జరిగిందని అర్థం. పాత షీట్లు భూమి ఆకారానికి వాడిన ఎవరెస్ట్ స్ఫిరాయిడ్‌తో, 295, 736, 257 (మీటర్లు) మార్పు విలువలతో కస్టమ్ సీఆర్‌ఎస్ (సొంత కోఆర్డినేట్ పద్ధతి) చేసుకుంటే దారికొస్తుంది. తరవాత పాత రైలు వంతెనలు, సింహాచలం గుడి దగ్గర సరిచూసుకోండి. ఇంకా పాతకాలం షీట్లలో మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశాన్ని వేరేగా తీసుకున్నట్టు మార్జిన్‌లో రాసి ఉంటుంది. అది వదిలేస్తే తేడా మీటర్లలో కాదు, కిలోమీటర్లలో వస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఒక్క నిమిషం రేఖాంశమే 1.77 కిలోమీటర్లు.

ఇంత తంటా ఎందుకంటే చెరువుల కోసం. గట్టు మందమైన గీతగా ఉంటుంది. పక్కన ఆర్ అక్షరంతో ఉన్న అంకె గట్టు ఎత్తు, పాత షీట్లలో అడుగుల్లో. షీటుని సగం పారదర్శకం చేసి చూస్తే, కాలనీ మధ్యలో కారణం లేకుండా విల్లులా వంగిన రోడ్డు చాలాచోట్ల ఆ గట్టే అవుతుంది. మిగులు నీరు పోయే గెడ్డని గట్టు చివర నుంచి కిందికి పట్టుకుపోతే, వానొచ్చినప్పుడల్లా ఏ వీధి ఎందుకు మునుగుతుందో తెలిసిపోతుంది. సర్వే పని ఎక్కువగా వానలు వెనకబట్టాకే జరిగేది కాబట్టి, షీటులోని నీలిరంగు మేరని నిండు చెరువు మేరగా లెక్కేయొద్దు.

1971లో శంకుస్థాపన జరిగిన స్టీల్‌ప్లాంటు కింద పోయిన ఊళ్లకైతే ఈ షీటే పెద్ద సాక్ష్యం. ఇళ్ల గుంపు, బావులు, డొంకలు ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. జిల్లాలో చాలాభాగం జమీందారీ కింద ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాతి సెటిల్‌మెంటుకి (భూముల లెక్క తేల్చడం) ముందు రెవెన్యూ కాగితం దొరకని పల్లెలకీ ఇదే ఆధారం. ఊరి పేరు అర్థంకాకపోతే 1961, 1971 జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులతో పోల్చుకోండి. శివారు పల్లెలు మాత్రం ఆ జాబితాల్లో చాలావరకు కనబడవు.

అంగుళం షీట్లు దొరకడమే కష్టం. స్వాతంత్ర్యం తరవాతి తీరప్రాంత షీట్ల మీద రిస్ట్రిక్టెడ్ అని ఉంటుంది. అమెరికా సైన్యపు యూ502 వరస (1:2,50,000) టెక్సాస్ విశ్వవిద్యాలయ లైబ్రరీ సైటులో ఉచితంగా దొరుకుతుంది గానీ, అందులో చిన్న చెరువులు రావు, కొండల వరస చూసుకోవడానికే.

ఏజెన్సీలో సిగ్నల్ ఉండదు కాబట్టి బయలుదేరేముందే షీటుని ఎంబీటైల్స్ (నెట్ లేకుండా చూసే మ్యాపు ఫైలు) చేసి ఫోనులో వేసుకోండి. జూమ్ 15 వరకు చాలు. అంతకు మించితే ఫైలు బరువు పెరుగుతుందే తప్ప స్కానులో లేని వివరం కొత్తగా రాదు.