అలాస్కా స్టీమర్ల కాలం నాటి వెండి చెంచాలు: ఏళ్ల తరబడి వాడాక

అద్దాల బీరువాలో దాచుకోవడానికి కొనేవాళ్లకి ఈ సమీక్షతో పనిలేదు. నేను వీటిని రోజూ కాఫీకి వాడుతున్నాను.

నా దగ్గర రెండున్నాయి, రెండూ సియాటిల్ పాతసామాన్ల కొట్లలో కొన్నవే. ఒకటి అచ్చులో కొట్టిన ఫ్యాక్టరీ సరుకు. కాడంతా టోటెం స్తంభం, అంటే అలాస్కా ఆదివాసులు ఒకదానిమీదొకటి బొమ్మలు చెక్కి నిలబెట్టే మాను. చెంచా గుంటలో ‘రాంగెల్’ అని అలాస్కా ఊరి పేరు. అప్పట్లో సియాటిల్లోనే మేయర్ సోదరుల కంపెనీ ఇలాంటివి చాలా చేసింది. నాదాని వెనక ముద్ర అరిగిపోయి ‘స్టెర్లింగ్’ అనే వెండి నాణ్యత గుర్తు ఒక్కటే కనిపిస్తుంది, ఎవరు చేశారో చెప్పలేం. రెండోది అలాస్కా ఆదివాసులైన ట్లింగిట్ల కంసాలి పనితనం. వాళ్లు వెండి నాణేలను సాగగొట్టి చెంచాలు, కడియాలు చేసేవాళ్లు. అమెరికా నాణెంలో వెండి 90 శాతం, స్టెర్లింగ్‌లో 92.5. ఆ తేడా వాడకంలో నాకేమీ తెలియలేదు.

1900 ప్రాంతంలో సియాటిల్ నుంచి అలాస్కాలోని స్కాగ్వే దాకా దీవుల మధ్యగా వెళ్లే స్టీమర్లలో షికారుకొచ్చినవాళ్లకి డెక్ మీద పచార్లు, పేకాట, రాత్రిళ్లు పియానో, డాన్సు. ఓడ దారిలోని కెచికన్ రేవులోనో జూనో రేవులోనో ఆగిందంటే చాలు, అంతా బేరాలకి దిగేవాళ్లు. రేవులోనే ట్లింగిట్ ఆడవాళ్లు తాము అల్లిన బుట్టలు పరుచుకుని కూర్చునేవాళ్లు. ప్రయాణం గుర్తుగా కొనే చెంచా అయితే జేబులో పడుతుంది, ఊళ్లో చుట్టాలందరికీ తలా ఒకటి ఇవ్వచ్చు.

వాడకం సంగతి. టోటెం కాడ చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో పట్టుకుంటే అంత ఇబ్బంది. కాడ కొసనున్న కాకి బొమ్మ ముక్కు బొటనవేలి మొదట్లో గుచ్చుకుంటుంది. చక్కెర కలపడం వరకైతే సరే, పెరుగన్నం తినడానికి పనికిరాదు. బొమ్మల సందుల్లో మురికి చేరుతుంది కూడా. విభూతితో మెత్తగా రుద్ది, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వెంటనే తుడిచేస్తాను. సందుల్లోని నలుపు మాత్రం పోగొట్టకండి, అది పోతే బొమ్మలు వెలవెలబోతాయి. గుడ్డు తగిలితే గంధకం వల్ల వెండి నల్లబడుతుంది. ఉప్పుకి మచ్చలు పడతాయి కాబట్టి ఆవకాయ జాడీలో అసలు పెట్టొద్దు. డిష్‌వాషర్ మాట ఎత్తకండి.

చేతి చెంచాకి ఈ బాధల్లేవు. కాడ నున్నగా, బరువు సమంగా ఉంటుంది. చెక్కుడు గీతలు లోతు తక్కువ, ఇట్టే శుభ్రపడతాయి.

ఇంకొకటుంది. 1899లో సియాటిల్ పెద్దమనుషులు కొందరు ‘సిటీ ఆఫ్ సియాటిల్’ అనే స్టీమర్‌లో అలాస్కా విహారానికెళ్లి, ఊరివాళ్లు లేని సమయంలో టోంగాస్ గ్రామంలోని టోటెం స్తంభాన్ని నరికి ఓడకెక్కించారు. దాన్ని తెచ్చి సియాటిల్లోని పయొనీర్ స్క్వేర్‌లో నిలబెట్టారు. దాని పైనా చంద్రుణ్ణి ముక్కున పట్టిన కాకే. 1938లో దానికి నిప్పంటుకున్నాక, ఇప్పుడున్న ప్రతిరూపాన్ని చెక్కింది మళ్లీ ట్లింగిట్ శిల్పులే. ఇది తెలిశాక అచ్చు చెంచా మీద మోజు కొంత తగ్గిందనే చెప్పాలి. ఫ్యాక్టరీవాళ్లు బొమ్మ తీసుకున్నారు, డబ్బూ వాళ్లకే చేరింది. నాణెం సాగగొట్టినవాడికి తన కూలైనా దక్కింది కదా.

కొనేముందు కాడ, చెంచా గుంట కలిసే చోట వేలితో తడిమి చూడండి. అతుకు వేసి ఉంటే అక్కడ గరుకు తగులుతుంది. అచ్చు చెంచాకి ఐదుకి మూడు, చేతి చెంచాకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది పొట్టి కాడకి: పొడుగు గ్లాసులో అడుగు అందదు.