మిద్దె తోటకి హెచ్‌డీపీఈ గ్రో బ్యాగులు: కొన్నాక తూకం వేసి చూడండి

మిద్దె మీద కూరగాయలు, రెండు మూడు పండ్ల మొక్కలు పెంచేవాళ్లకి నా ఓటు హెచ్‌డీపీఈ గ్రో బ్యాగులకే, అంటే గట్టి ప్లాస్టిక్ షీటుతో కుట్టిన మొక్కల సంచులకే. 5కి 4 ఇస్తా, తగ్గించిన ఆ ఒకటి ఎందుకో కింద చెప్తా. సిమెంట్ కుండీలు మట్టి నింపకముందే బరువు, ఒకచోట పెడితే ఇక కదలవు. మట్టి కుండీలంటే నాకు చాలా ఇష్టం, గోడల్లోంచి తేమ ఆవిరవుతుంది కాబట్టి వేర్లు చల్లగా ఉంటాయి, కానీ మా విజయవాడ మే ఎండల్లో పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఉండవు, పైగా పొట్ట పెద్దది మూతి చిన్నది అయితే మొక్క మార్చేటప్పుడు వేరుముద్ద బయటికి రాదు, కుండీ పగలగొట్టాల్సిందే.

బ్యాగుల్లో అసలు సంగతి మందం. జీఎస్ఎం అంటే చదరపు మీటరు షీటు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క, నేనైతే 220కి తక్కువ తీసుకోను. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ 220 అని రాస్తే తెప్పించా, మట్టి నింపి జరపబోతే పట్టీ కుట్టు ఊడి చేతికొచ్చింది. అందుకే ఇప్పుడు బ్యాగులు రాగానే ఒకటి తీసి వంటింటి కాటా మీద పెడుతున్నా. 12 ఇంచుల వెడల్పు, 12 ఎత్తు బ్యాగుకి పక్కలూ అడుగూ కలిపి 0.36 చదరపు మీటర్ల షీటు పడుతుంది, అంటే 220 జీఎస్ఎం నిజమైతే 80 గ్రాములుండాలి, 15 ఇంచులది 125, 18 ఇంచులది 180, కుట్లూ పట్టీలూ కలిపి ఇంకాస్త ఎక్కువే రావాలి. 12 ఇంచులది 50 గ్రాములే తూగిందా, రిటర్న్ పెట్టేయండి.

సైజు దగ్గర కక్కుర్తి వద్దు. 12 ఇంచుల బ్యాగులో సుమారు 22 లీటర్ల మట్టి పడితే 15 ఇంచులదాంట్లో 43 లీటర్లు, మూడంటే మూడు ఇంచులు పెంచితే దాదాపు రెట్టింపు. మిర్చికి 12 చాలు, టమాటా వంగలకి 15, సొర బీరలకి 18. ఆకుకూరలకి లోతుతో పనిలేదు, వెడల్పుగా 9 ఇంచుల ఎత్తున్నవి చూస్కోండి. 24 ఇంచులవి మాత్రం తడి మట్టితో 200 కిలోలు దాటిపోతాయి, స్లాబు మధ్యలో కాకుండా పిల్లర్లూ బీములూ ఉన్నచోట పెట్టండి.

అలాగని కడియం నుంచి తెచ్చిన చిన్న గులాబీని, నిమ్మని తిన్నగా పెద్ద బ్యాగులో పెట్టొద్దండి. వేరు అందుకోలేని మట్టంతా తడిగానే ఉండిపోయి వేర్లు కుళ్లుతాయి. మొక్కతో వచ్చిన నర్సరీ కవరు కంటే రెండు మూడు ఇంచులు పెద్ద బ్యాగు చాలు, వేర్లు నిండాక ఇంకోటి. ఒక సీజన్‌తో అయిపోయే టమాటా, వంగ నారుకి ఈ మెట్లు అక్కర్లేదు, ప్రోట్రే (నారు పెంచే గళ్ల ట్రే) నుంచి తీసి సాయంత్రం పూట నేరుగా పెద్ద బ్యాగులోనే నాటేయొచ్చు. నర్సరీ కవరు లాగకుండా బ్లేడుతో కోయండి, అడుగున వేర్లు చుట్టలు చుట్టుకుని ఉంటే వేళ్లతో మెల్లగా విడదీయండి, లేదంటే కొత్త మట్టిలోకి పోకుండా అక్కడక్కడే తిరుగుతుంటాయి. అడుగున కంకర వేయమంటారు చాలామంది, దాంతో నీళ్లు త్వరగా దిగవు, వేరుకి చోటు తగ్గుతుంది అంతే. కన్నం మీద చిన్న నెట్ ముక్క చాలు.

ఇక ఆ తగ్గించిన ఒకటి వేడికి. ఈ షీటు గాలి పీల్చదు, ముదురు రంగువి పడమటెండకి బాగా కాగిపోతాయి. బయట తెల్లగా ఉండేవి దొరికితే అవే తీసుకోండి, లేదా ఎండ తగిలే వైపు ఆకుకూరల బ్యాగులు అడ్డం పెట్టండి. కింద మాత్రం నాలుగు ఇటుకలు తప్పనిసరి, కారిన నీళ్లు స్లాబు మీద నిలవకుండా పోతాయి.