పఫిన్లా, నక్కలా? లాట్రాబ్యార్గ్, హోర్న్‌స్ట్రాండిర్‌లలో ఏది మేలు?

ఐస్‌లాండ్ వాయవ్య కొసన ఉన్న వెస్ట్‌ఫ్యోర్డ్స్ ద్వీపకల్పానికి వెళ్దామనుకునేవాళ్లు చివరికి రెండు పేర్ల దగ్గర ఆగుతారు: పడమటి చివర పఫిన్ అనే సముద్రపు పక్షులుండే లాట్రాబ్యార్గ్, ఉత్తరపు చివర ఆర్కిటిక్ నక్కలుండే హోర్న్‌స్ట్రాండిర్. మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నట్టుంటాయి గానీ ఒకదానికి కారు చాలు, రెండోదానికి పడవ, టెంట్, చేతిలో అదనంగా రోజులు కావాలి. మొత్తం సెలవు ఐదారు రోజులే అయితే లాట్రాబ్యార్గ్‌కే వెళ్లండి. ఎందుకో చెప్తాం.

లాట్రాబ్యార్గ్ సముద్రంలోకి నిలువునా దిగే కొండ. పొడవు 14 కిలోమీటర్లు, అత్యంత ఎత్తైన చోట 441 మీటర్లు. రేజర్‌బిల్, గిల్లెమాట్ అనే సముద్రపు పక్షులు రాతి అరల మీద గుడ్లు పెడతాయి. పఫిన్లు మాత్రం పైఅంచున ఉన్న పచ్చిక నేలలో బొరియలు తవ్వుకుంటాయి. అందుకే అవి మనిషికి రెండు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటాయి. లైట్‌హౌస్ దగ్గర కారు ఆపి పైకి నడవడం మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే కనిపిస్తాయి. పగలు చాలావరకు సముద్రం మీద ఉంటాయి కాబట్టి సాయంత్రం ఏడు దాటాక వెళ్లడం మంచిది. జూన్‌లో రాత్రి పదకొండుకు కూడా ఫోటోకి సరిపడా వెలుతురు ఉంటుంది, టూర్ బస్సులు కూడా అప్పటికి వెళ్లిపోయి ఉంటాయి. మే మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సీజన్. ఆగస్టు చివర్లో టికెట్ చవకగా దొరికిందని వెళ్తే ఖాళీ బొరియలే మిగులుతాయి.

ఇక్కడ అసలు ప్రమాదం కొండ అంచే. బొరియల వల్ల పచ్చిక కింద నేల డొల్లగా ఉంటుంది, పైకి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. అంచుకు రెండు మీటర్ల ముందే బోర్లా పడుకుని పాకుతూ వెళ్లాలి, నిలబడి వంగి చూడకూడదు. పడుకుంటే బరువు నేల మీద పరుచుకుంటుంది, పఫిన్ కూడా బెదరదు. అంచు వెంట ఫుల్మార్ అనే బూడిదరంగు పక్షి గూడు ఉంటే దూరంగా తప్పుకోండి. దగ్గరికి వస్తే అది నోట్లోంచి నూనెలాంటి ద్రవం చిమ్ముతుంది. ఆ కంపు ఎన్ని ఉతుకులకీ జాకెట్‌ను వదలదు.

పాట్రెక్స్‌ఫ్యోర్దుర్ ఊరి నుంచి కొండకు దాదాపు 60 కిలోమీటర్లే గానీ గంటన్నర పడుతుంది. చివర్న 612 నంబరు రోడ్డు కంకర రోడ్డు, మామూలు కారుకూ పనికొస్తుంది. కారు దిగేటప్పుడు ఒక చేత్తో తలుపు గట్టిగా పట్టుకోండి. గాలి తలుపును వెనక్కి విరిచేస్తే ఆ నష్టం చాలా అద్దె కార్ల ఇన్సూరెన్సులో ఉండదు. కొండ మీద టెంట్ వేయనివ్వరు, దగ్గర్లోని బ్రేదావిక్‌లో దిగాలి.

హోర్న్‌స్ట్రాండిర్‌లో రోడ్డే లేదు. చివరి కుటుంబాలు 1952లో వెళ్లిపోయాయి, 1975 నుంచి అది రక్షిత ప్రాంతం. ఐస్‌లాండ్‌లో మిగతాచోట్ల గొర్రెల కోసం నక్కల్ని కాలుస్తారు. ఇక్కడ కాల్చరు కాబట్టి ఆర్కిటిక్ నక్కలు మనిషిని చూసి పారిపోవు. వేసవిలో వెళ్లి తెల్లని నక్క కోసం వెతకొద్దు. ఎక్కువ భాగం ఏడాది పొడవునా ముదురు గోధుమరంగులోనే ఉండే రకం. జూన్, జూలైలో పిల్లలు బొరియ బయట ఆడుకుంటాయి. పక్షుల కొండల కింద, కిందపడిన గుడ్ల కోసం, పిల్లల కోసం పెద్ద నక్కలు తచ్చాడుతుంటాయి. టెంట్ బయట బూట్లు వదిలితే పొద్దున ఒక్కటే మిగలొచ్చు.

పడవలు ఈసాఫ్యోర్దుర్ ఊరి నుంచి జూన్–ఆగస్టులో నడుస్తాయి. ఎక్కువమంది వేదిలేసుఫ్యోర్దుర్‌లో దిగి, సుమారు 500 మీటర్ల ఎత్తున్న హాఫ్నార్‌స్కార్ద్ కనుమ దాటి హోర్న్‌విక్ అనే అఖాతం చేరతారు. బరువైన బ్యాగుతో నాలుగు నుంచి ఆరు గంటలు. కనుమలో జూలైలో కూడా మంచు ఉంటుంది, పొగమంచు కమ్మితే దారి గుర్తుల రాళ్లు కనపడవు, జీపీఎస్ తప్పనిసరి. మర్నాడు 534 మీటర్ల హోర్న్‌బ్యార్గ్ కొండకు వెళ్లాలంటే అడ్డంగా ఏటి ముఖద్వారం ఉంది. ఆటు సమయంలోనే దాటాలి. పోటు వేళలు చూసుకోకుండా వెళ్లినవాళ్లు తిరుగు ప్రయాణంలో అవతలి ఒడ్డున గంటలకొద్దీ చలిలో కూర్చోవాల్సి వస్తుంది. దాటేటప్పుడు బ్యాగు నడుం బెల్టు విప్పేయాలి. జారి పడితే బ్యాగు మనల్ని నీళ్లలో అదిమిపెట్టకుండా వెంటనే వదిలించుకోవచ్చు.

చెట్లు లేవు. తీరాన సైబీరియా నుంచి కొట్టుకొచ్చిన దుంగలు బోలెడు ఉంటాయి గానీ మంట వేయడం నిషేధం. గ్యాస్ స్టవ్ కావాలి. గ్యాస్ డబ్బా విమానంలో తీసుకెళ్లనివ్వరు, ఐస్‌లాండ్‌లో దిగాకే కొనాలి. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల అందదు కాబట్టి ప్రమాద సంకేతం పంపే బీకన్ అద్దెకు తీసుకుని, ప్రయాణికుల భద్రత కోసం ఉన్న సేఫ్‌ట్రావెల్ సైట్‌లో మీ దారి వివరం నమోదు చేసి వెళ్లండి. ధ్రువపు ఎలుగు రావడం చాలా అరుదు. అయితే 2024 సెప్టెంబరులో ఈ ప్రాంతపు జోకుల్‌ఫిర్దిర్ తీరంలో ఒకటి కనిపించింది.

అన్నిటికన్నా ముఖ్యం, గాలి లేస్తే తిరుగు పడవ రాదు. రెండు రోజుల తిండి అదనంగా మోయాలి, విమానానికి ముందు కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచాలి. శాకాహారులకి ఉప్మా, పోహా పొడి ప్యాకెట్లు బరువుకీ వంటకీ బాగా కుదురుతాయి.

చలిలో, వానలో, పదిహేను కిలోలు మోస్తూ ముందెప్పుడూ నడవకపోతే హోర్న్‌స్ట్రాండిర్ మొదటి ట్రెక్ కాకూడదు. నక్కే కావాలనుకుంటే మధ్యేమార్గం ఉంది. ఈసాఫ్యోర్దుర్ నుంచి గంట పడవ ప్రయాణంలో ఉన్న హెస్టేరికి ఒక్కరోజు టూర్. నక్క కనిపించే అవకాశం హోర్న్‌విక్‌లో కన్నా తక్కువ, కానీ రాత్రికి వేడి గదికి చేరతారు. ఆ రోజు పడవే రద్దయితే ఈసాఫ్యోర్దుర్‌కు 20 కిలోమీటర్ల దూరంలోని సూదావిక్‌లో ఆర్కిటిక్ ఫాక్స్ సెంటర్ ఉంది, పూట గడుస్తుంది.