జులై 4న వాషింగ్టన్ డీసీ: అత్తమామలతో మా యాత్ర

అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4న వాషింగ్టన్ డీసీ వెళ్ళొచ్చా అని ఎవరడిగినా తప్పకుండా వెళ్ళమనే చెబుతాను. కాకపోతే మధ్యాహ్నం నుంచే నగరం నడిమధ్య ఉన్న నేషనల్ మాల్ మైదానం పచ్చికలో దుప్పటి పరుచుకుని రాత్రి దాకా కూర్చోవడం పెద్దవాళ్ళతో అయ్యే పని కాదు. మాతో అత్తయ్యగారు, మామయ్యగారు ఉన్నారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి, విజయనగరం నుంచి మొదటిసారి అమెరికా వచ్చారు. అందుకే పొద్దుటిపూట డీసీలో, రాత్రి బాణసంచా నదికి ఇవతల వర్జీనియా వైపు నుంచి అని ముందే అనుకున్నాం. అదే కలిసొచ్చింది.

బస వర్జీనియా వైపు రాస్లిన్‌లో. డీసీ నడిబొడ్డున ఆ వారం హోటల్ రేట్లు చూస్తే గుండె గుభేలుమంది. పొటోమాక్ నది దాటితే చాలు, బాగా తగ్గాయి. రాస్లిన్ స్టేషన్‌కి మెట్రో బ్లూ, ఆరెంజ్, సిల్వర్ లైన్లు మూడూ వస్తాయి. డల్లెస్ ఎయిర్‌పోర్టులో దిగేవాళ్ళు సిల్వర్ లైన్ ఎక్కితే రైలు మారకుండా ఇక్కడ దిగొచ్చు. ఎస్కలేటర్ మాత్రం చాలా పొడుగు, కళ్ళు తిరిగేవాళ్ళు లిఫ్టు వెతుక్కోవడం మంచిది. మేం చిన్న వంటగది ఉన్న గది తీసుకున్నాం. పొద్దున్నే అత్తయ్యగారు ఉప్మా చేసేసేవారు. శాకాహారులకు హోటల్ బ్రేక్‌ఫాస్ట్‌లో బ్రెడ్డు, పళ్ళు తప్ప పెద్దగా ఏమీ ఉండవు కాబట్టి ఆ స్టవ్ మా ప్రాణం కాపాడింది. హోటల్ మీద ఒక్క ఫిర్యాదు ఉంది. షటిల్ వ్యాన్ ఉందని బుకింగ్ అప్పుడు చెప్పారు, తీరా నాలుగో తారీకు సాయంత్రం రోడ్లు మూసేస్తారు కాబట్టి నడపం అన్నారు. ముసలివాళ్ళున్నారని ముందే చెప్పాం కదా, ఆ ముక్క అప్పుడే చెప్పాల్సింది.

ముందు రోజు కాపిటల్ (వీళ్ళ పార్లమెంటు భవనం) టూర్‌కి వెళ్ళాం. ఉచితమే, ఆన్‌లైన్‌లో టైము బుక్ చేసుకోవాలి. తిండి, నీళ్ళు లోపలికి రానివ్వరు, ఖాళీ సీసా అయితే ఫరవాలేదు. గుమ్మటం కింద రొటుండాలో జాన్ ట్రంబుల్ వేసిన పెద్ద పెద్ద పటాలున్నాయి. వాటిలో ఒకటి 1781లో యార్క్‌టౌన్ దగ్గర బ్రిటిష్ సైన్యం లొంగిపోయిన ఘట్టం. ఎడమ వైపు ఫ్రెంచి సైన్యం, కుడి వైపు అమెరికన్లు, మధ్యలో తెల్ల గుర్రం మీద అమెరికన్ జనరల్ బెంజమిన్ లింకన్. ఓడిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ మాత్రం పటంలో లేడు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఆ రోజు తన కింద అధికారిని పంపాడు. మామయ్యగారు రిటైరైన సోషల్ మాస్టారు. ఆ పటం ముందు నుంచి కదలరే! "ఇక్కడ ఓడిపోయిన ఐదేళ్ళకే మన మీదికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడమ్మా. 1792లో టిప్పు సుల్తాన్‌ని లొంగదీశాడు, మరుసటి ఏడాది బెంగాల్లో శాశ్వత శిస్తు పెట్టాడు. 1802 నుంచి అదే మన ఉత్తర సర్కారుల్లోకి వచ్చింది. మన జమీందార్ల కథంతా ఈయన చలవే" అన్నారు. గైడ్ చెప్పినదానికన్నా నాకు అదే బాగా గుర్తుండిపోయింది.

ఆ సాయంత్రమే కాపిటల్ పడమటి పచ్చికలో కచేరీ రిహార్సల్ విన్నాం. నాలుగున టీవీలో వచ్చే కచేరీకి ఇది ముందు రోజు రిహార్సల్, జనాన్ని ఉచితంగా రానిస్తారు. బాణసంచా ఉండదు కానీ నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాని తోపులాట లేకుండా వినొచ్చు. అసలు రోజు కన్నా ఇదే మేలని నా అభిప్రాయం.

ఇక నాలుగున పొద్దున నేషనల్ ఆర్కైవ్స్, అంటే దేశపు పాత పత్రాలు భద్రపరిచే చోటు. ఈ యాత్ర మొత్తంలో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఫెడరల్ ట్రయాంగిల్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే వస్తుంది. భవనం మెట్ల మీద జెఫర్సన్, ఫ్రాంక్లిన్, ఆడమ్స్ వేషాల్లో నటులు నిలబడి 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనని గట్టిగా చదువుతారు. అందులో బ్రిటిష్ రాజు మీద ఫిర్యాదు వచ్చినప్పుడల్లా కింద వీధిలో నిలబడ్డ జనం "బూ" అని అరవాలి. మా అనుమతి లేకుండా పన్నులు వేశాడు అనగానే మామయ్యగారు పక్కనున్న పిల్లలకన్నా గట్టిగా అరిచారు. మేమంతా ఆయన్ని అంత హుషారుగా చూసి ఎన్నాళ్ళయిందో! లోపల ఆ ప్రకటన అసలు ప్రతి సిరా బాగా వెలిసిపోయి ఉంది, అక్షరాలు చదవడం కష్టం. క్యూ మాత్రం పెద్దది.

పరేడ్ దగ్గరే కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ మీద సాగుతుంది. స్కూలు పిల్లల బ్యాండ్లు బాగున్నాయి, ఎండ మాత్రం బాగాలేదు. జులైలో డీసీ ఉక్క మన కోస్తా ఉక్కకి ఏమీ తీసిపోదు. కాసేపు చూసి అమెరికన్ హిస్టరీ మ్యూజియంలో దూరాం. స్మిత్‌సోనియన్ మ్యూజియాలు ఆ రోజూ తెరిచే ఉంటాయి, టికెట్ లేదు, ఏసీ ఉంటుంది. 1814లో ఫోర్ట్ మెక్‌హెన్రీ మీద ఎగిరిన జెండా ఇక్కడే మసక వెలుతురులో ఉంచారు. వీళ్ళ జాతీయ గీతం ఆ జెండాని చూసి రాసిందే. అత్తయ్యగారు అక్కడి బెంచీ మీద చల్లగా ఓ కునుకు తీశారు.

సాయంత్రం గదికి వచ్చి, పెరుగన్నం తిని, ఐవో జీమా స్మారకానికి (అమెరికా మెరైన్ సైనికుల స్మారకం) నడిచాం. పెద్దవాళ్ళ నడకతో కూడా దగ్గరే. అక్కడి వాలు మీద నుంచి లింకన్ మెమోరియల్, వాషింగ్టన్ మాన్యుమెంట్, కాపిటల్ గుమ్మటం మూడూ ఒకే వరుసలో కనిపిస్తాయి. జనం చాలామందే, కానీ కాళ్ళు చాపుకోవడానికి చోటుంది. మడత కుర్చీలు తప్పక తీసుకెళ్ళండి. ముందు వరుస చెట్లు అడ్డం రాకుండా చూసుకుని కూర్చోండి. టాయిలెట్ల దగ్గర క్యూ భరించలేం, గదిలోనే పని కానిచ్చుకుని రండి.

తొమ్మిది దాటాక మొదలైంది. లింకన్ మెమోరియల్ వెనక రిఫ్లెక్టింగ్ పూల్ అనే పొడవాటి కొలను దగ్గర నుంచి వదులుతారు. మేమున్న చోటికి సుమారు రెండు కిలోమీటర్లు, అందుకే ఆకాశంలో పువ్వు విచ్చుకున్న ఐదారు సెకన్లకి గానీ చప్పుడు రాలేదు. మామయ్యగారు మనవడి చేత సెకన్లు లెక్కపెట్టించి దూరం కట్టించారు. మాల్‌లో కూర్చుంటే గుండెలదిరే చప్పుడు ఉంటుంది, అది కావాలనుకునే కుర్రకారు అక్కడికే వెళ్ళాలి. చెవులు, గుండె జాగ్రత్తగా చూసుకోవాల్సినవాళ్ళకి ఇదే సరైన చోటు. అయిపోగానే క్యాబ్ రేట్లు చుక్కలనంటాయి. నడిచి చేరేంత దూరంలో బస ఉండటం వల్ల మాకా టెన్షన్ లేదు.

రాత్రి దాకా మేలుకోలేని చిన్నపిల్లలుంటే మౌంట్ వెర్నన్ చూడండి. తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇల్లు అది, ఆ రోజు పగలే రంగు పొగల బాణసంచా కాలుస్తారు, కొత్త పౌరుల ప్రమాణ స్వీకారం కూడా ఉంటుంది. ప్రవేశానికి టికెట్ కొనాలి.

మర్నాడు ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉండే మా స్నేహితులు పార్కులో షెల్టర్ తీసుకున్నారు. బొగ్గుల గ్రిల్లు మీద మొక్కజొన్న పొత్తులు, పనీర్, చికెన్, ఇంటి నుంచి పులిహోర, గారెలు. చీకటి పడ్డాక వాళ్ళింటి ముందు పిల్లల చేత కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు కాల్పించాం. వర్జీనియాలో అలాంటి వాటి వరకే అనుమతి. పేలేవి, పైకి లేచేవి నేరం, కాబట్టి పక్క రాష్ట్రం నుంచి తారాజువ్వలు కారులో వేసుకుని రాకండి. షెల్టర్లు కావాలంటే వేసవి మొదలవక ముందే బుక్ చేసుకోవాలి, జూన్‌లో అడిగితే దొరకవు.