పోలింగ్‌కు ముందు అభ్యర్థి కేసుల చిట్టా: కేవైసీ-ఈసీఐ యాప్ ఎంతవరకు నమ్మొచ్చు?

ఎన్నికల సంఘం కేవైసీ-ఈసీఐ (నో యువర్ క్యాండిడేట్, అంటే ‘మీ అభ్యర్థిని తెలుసుకోండి’) యాప్‌ను 2022 జనవరిలో, ఐదు రాష్ట్రాల ఎన్నికల వేళ తెచ్చింది. ఎన్నిక, రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటే అభ్యర్థుల జాబితా వస్తుంది. ఒక్కొక్కరికి నేర చరిత్ర ఉందో లేదో అందులోనే తెలుస్తుంది. అంతవరకు చూసి మూసేసేవాళ్లే ఎక్కువ. అసలు సరుకు ఆ పేరు నొక్కితే దిగే అఫిడవిట్‌లో, అంటే నామినేషన్‌తో పాటు అభ్యర్థి ప్రమాణం చేసి ఇచ్చే పత్రంలో ఉంది. (తన నలభైకి పైగా యాప్‌లు, వెబ్‌సైట్లను ఈసీఐనెట్ అనే ఒకే వేదికలోకి తెస్తామని సంఘం 2025 మేలో ప్రకటించింది. ఎక్కడ తెరిచినా చూడాల్సింది ఆ అఫిడవిట్‌నే.)

అఫిడవిట్ అంటే ఫారం 26. సూటిగా ఐదో అంశానికి వెళ్లండి. ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు పేరు, కేసు నంబరు, సెక్షన్లు, నేరం గురించి నాలుగు ముక్కలు, అభియోగాలు నమోదయ్యాయా, అయితే ఏ తేదీన అనే వివరాలు వరసగా ఉంటాయి. శిక్ష పడిన కేసులు ఆరో అంశంలో వస్తాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం 33ఏ సెక్షన్ ప్రకారం పెండింగ్ కేసుల్లో చెప్పి తీరాల్సినవి రెండేళ్లు, ఆపైన శిక్ష పడగలిగి, అభియోగాలు నమోదైనవి మాత్రమే. ఫారం మాత్రం ఎఫ్‌ఐఆర్ దశ నుంచే అడుగుతుంది. అందుకే ‘పది కేసులు’ అనే అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. ధర్నాలో కూర్చుంటే పడే పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 143, 188, 341 సెక్షన్లే పది వరసలు నిండొచ్చు. అదే పట్టికలో 307 (హత్యాయత్నం) లేదా 420 (మోసం) ఉండి, అభియోగాల తేదీ కూడా ఉంటే, ఒక జడ్జి ఆధారాలు చూసి విచారణకు తగిన కేసేనని తేల్చినట్టు. 2024 జులై 1 తర్వాతి నేరాలైతే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత నంబర్లుంటాయి: హత్యాయత్నం 109, మోసం 318.

ఇబ్బందులూ ఉన్నాయి. అఫిడవిట్లు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు కాబట్టి చాలావాటిలో పదం వెతకడం కుదరదు. చేతిరాతైతే సెక్షన్ నంబరు చదవడమే కష్టం. ఒకే అభ్యర్థి రెండు మూడు సెట్ల నామినేషన్లు వేస్తే అన్నీ కనబడతాయి. చివరి సెట్ తెరవడం మంచిది. పోల్చి చూడాలంటే ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ నడిపే మైనేత సైట్ పట్టికలే సుఖం. కేసు ఇప్పుడు ఏ దశలో ఉందో కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లో చూడాలి. జిల్లా, పోలీస్ స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం ఇస్తే చాలు.

పెద్ద లోపం వేరే ఉంది. ఇదంతా అభ్యర్థి తనంతట తాను చెప్పుకున్నది. పోలీసులు ఇచ్చింది కాదు. గడి ఖాళీగా వదిలేస్తే, అడిగినా నింపకపోతే, నామినేషన్ తిరస్కరించొచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అబద్ధం రాస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అది తేలేలోపు పదవీకాలం గడిచిపోతుంది. మరోవైపు, తనపై ఏ స్టేషన్లో ఏ కేసు ఉందో అభ్యర్థికే తెలియని పరిస్థితీ ఉంటుంది. నోటిఫికేషన్ రోజునే, పార్టీ ఏదైనా, అడిగిన ప్రతి అభ్యర్థికీ సీసీటీఎన్‌ఎస్ (దేశంలోని పోలీస్ స్టేషన్ల కేసుల వివరాలుండే కంప్యూటర్ నెట్‌వర్క్) నుంచి కేసుల జాబితా తీసి పోలీసులే ఇవ్వాలి. ఈ సేవకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే.

ఇక నామినేషన్ తర్వాత సంగతి. 2024లో తెలుగు రాష్ట్రాల్లో నామినేషన్ల గడువు ఏప్రిల్ 25, పోలింగ్ మే 13. ఆ 18 రోజుల్లో కొత్త కేసు పడితే యాప్‌లో కనబడదు. మరి దర్యాప్తు అధికారి మైకు ముందుకొచ్చి చెప్పాలా? వద్దు. అమెరికాలో 2016 అక్టోబరు 28న, పోలింగ్‌కు 11 రోజుల ముందు, అధ్యక్ష అభ్యర్థి హిల్లరీ క్లింటన్ ఈమెయిళ్ల దర్యాప్తులో మళ్లీ కదలిక వచ్చిందని అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ కాంగ్రెస్‌కు లేఖ రాశారు. కేసు పెట్టక్కర్లేదన్న పాత నిర్ణయం మారలేదని నవంబరు 6న రెండో లేఖ ఇచ్చారు. ఓటింగుకు మిగిలింది రెండు రోజులు. ఎన్నికల ముందు 60 రోజులు ఇలాంటి అడుగులు వేయకూడదన్నది అక్కడ ఆనవాయితీయే తప్ప రాతలో లేదని 2018లో న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక చెప్పింది. మన దగ్గరా అలాంటి గడువేదీ చట్టంలో లేదు. సోదాలు చేసే సంస్థలు తటస్థంగా, వివక్ష లేకుండా నడవాలని 2019 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం కేంద్ర ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగానికి (ఆదాయపన్ను శాఖ, ఈడీ దాని కిందే ఉంటాయి) సలహా ఇచ్చింది. ఒక అధికారి విచక్షణ మీద ఆధారపడే ప్రకటన కంటే, అందరికీ ఒకే ఫారం, ఒకే తేదీ ఉన్న ఈ యాప్ పద్ధతే మేలు.

చివరి రోజుల్లో కేసు వార్త వస్తే చేయాల్సింది ఇది. సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడ తీసి తేదీ చూడండి. నామినేషన్ తర్వాతి తేదీ అయితే అభ్యర్థి దాచినట్టు కాదు. ముందు తేదీ అయి, అఫిడవిట్లో లేకపోతే రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రశీదు తీసుకోండి. ఆ అభ్యర్థి గెలిస్తే, హైకోర్టులో ఎన్నికల పిటిషన్‌కు గడువు ఫలితం వచ్చిన రోజు నుంచి 45 రోజులు. ఆ రశీదు అప్పుడు అవసరమవుతుంది.